పేపరు దొర అద్దెయింట్లో కూర్చున్న కోడలు

కోయంబత్తూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే, ఊటీలో చలి ఎలా ఉందని. నేను ఊటీ వెళ్ళలేదు. కొండ కిందిదాకా వెళ్ళి పైకి ఎక్కకుండా తిరిగొచ్చిన మనిషిని వాళ్ళు ఇంతవరకు చూడలేదట. నేను వెళ్ళింది ఒక అద్దె ఇల్లు చూడటానికి. ఆ మాట చెబితే మా చెల్లెలు, "అద్దె ఇళ్ళు బెజవాడలో లేవా?" అంది.

ఉన్నాయి, కావలసినన్ని. కానీ ఆ ఇంట్లో రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఒక విదేశీ విలేకరి అద్దెకున్నాడు. ఊళ్ళో ఎవరికి ఎవరితో పడకపోయినా సాయంత్రమయ్యేసరికి అందరూ ఆ వరండాలో చేరేవారట. నేను పత్రిక డెస్కులో జుట్టు నెరిసేదాకా పనిచేశాను. విలేకరులు పంపిన వార్తలు దిద్దడమే తప్ప, అవి ఎక్కడ పుడతాయో చూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక అయినా చూడాలనిపించింది.

ఈ ఇంటి సంగతి చెప్పింది నిత్య. తిరుప్పూరులో బనీన్ల ఎగుమతి కంపెనీలో పనిచేసే అమ్మాయి, పోయినేడు రైల్లో నా ఎదుటి బెర్తు. ఫోనులో వాళ్ళ అవ్వతో మాట్లాడుతుంటే ఒక మాట తెలుగు, ఒక మాట తమిళం వినపడి నేను ఊరుకోలేక పలకరించాను. ఆ దొరకి ఇల్లు అద్దెకిచ్చింది వాళ్ళ ముత్తాత వాళ్ళ నాన్నే. "ఒకసారి రండి ఆంటీ" అంది దిగేటప్పుడు. ఇలాంటివి మాటవరసకు అంటారని నాకూ తెలుసు. తెలిసినా బయలుదేరాను.

పీలమేడు

పీలమేడు ఒకప్పుడు వేరే ఊరు. మిల్లులు వచ్చి, రోడ్లు వచ్చి, ఇప్పుడు కోయంబత్తూరులో కలిసిపోయింది. బోర్డులు చూసి ఇక్కడ తెలుగువాళ్ళున్నారని ఎవరూ కనిపెట్టలేరు. సందు మలుపులో మాత్రం ఒక ముసలాయన భార్య మీద విసుక్కుంటున్నాడు: "తాళం నువ్వే కదా వేస్తివి, నన్నడుగుతావే." వేస్తివి, చేస్తివి అనే మాటలు నేను మా తాతమ్మ నోట విన్నాక మళ్ళీ విన్నది అక్కడే. దారి తప్పలేదని ధైర్యం వచ్చింది.

నిత్య వాళ్ళ అవ్వ పేరు కృష్ణవేణమ్మ. ఎనభై దాటాయి. ముక్కుకి రెండు వైపులా బేసర్లు, ఎదుటివాళ్ళని నిలబెట్టి తూకం వేసే చూపు. నేను మాట్లాడిన నాలుగు మాటలూ విని, "నీ తెలుగు రేడియోలో చదివినట్టు ఉందమ్మా, ఇంట్లో కూడా ఇట్లనే మాట్లాడుతారా మీరు?" అని అడిగింది. 

నేను తీసుకెళ్ళిన సీసా మీద గోంగూర అని పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆవిడ చదివింది తమిళ బడిలో. అక్షరాలకేసి చూడనైనా చూడకుండా మూత తీసి వాసన పట్టి, పుళిచ్చకీరై అని తేల్చింది. మధ్యాహ్నం నాకు సంతకై వత్తి పెట్టారు. సన్నటి బియ్యప్పిండి పోగులు, పైన తియ్యటి కొబ్బరిపాలు. తరువాత అన్నంలోకి ఉలవలు. మనం ఉలవలతో చారు కాస్తాం. వాళ్ళు మెత్తగా మెదిపి పప్పులా కలుపుకుంటారు. చారే గొప్పదని నేను, చారు కాస్తే ఉలవలు ఎవరు తింటారని ఆవిడ కాసేపు వాదించుకున్నాం. ఉలవలు మా వైపు ఎద్దులు తింటాయని చెప్పలేక ఓడిపోయాను.

వరండా

ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. ఇప్పుడు కూడా అద్దెకే ఇచ్చారు. లోపల ఆడపిల్లల హాస్టలు మెస్సు, వరండా నిండా మోపెడ్లు. నేను నిలబడటానికి నిత్య ఒక మోపెడ్ పక్కకి జరిపింది. ఎర్రగచ్చు అరిగి అక్కడక్కడ నల్లబడింది. కర్ర స్తంభాలు గట్టిగానే ఉన్నాయి. సాంబారు వాసన తప్ప మరేమీ లేని ఆ చోట కళ్ళు మూసుకుని దొర కుర్చీలు ఎలా వేసి ఉండేవో ఊహించుకోబోయాను. ఎవరో పిల్ల హెల్మెట్ కోసం అడ్డం తప్పుకోమంది.

దొర ఏ దేశంవాడో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంగ్లీషువాడని ఒకరు, ఐరిష్‌వాడని ఒకరు. అందరూ పేపరు దొర అనేవారు. మిల్లుల గురించి, పత్తి గురించి, సమ్మెల గురించి వాళ్ళ దేశపు పత్రికకి తంతి కొట్టేవాడు. పెళ్ళాం పిల్లలు లేరు. సాయంత్రం వరండాలో పేము కుర్చీలు వేసి కాఫీ పెట్టిస్తే చాలు, జనం వచ్చేవారు. పత్తి వ్యాపారి, తన కప్పు తనే తెచ్చుకునే బ్రాహ్మణ వకీలు, మిల్లు కార్మికుల నాయకుడు, అతన్ని పట్టుకోవలసిన పోలీసు ఇన్‌స్పెక్టరు, మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ, బడిపంతులమ్మ. పొద్దున మిల్లు గేటు దగ్గర కొట్టుకున్నవాళ్ళు సాయంత్రం పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవారట.

ఇదెలా సాధ్యమని అడిగాను. మా ఊళ్ళో ఒకరి అరుగు మీద ఇంకొకరు కూర్చోవాలంటే ఇప్పటికీ మూడు తరాల లెక్క చూస్తారు. కృష్ణవేణమ్మ చాలా తేలిగ్గా చెప్పింది. నాయుడి ఇంటికి పోతే నాయుడి ముందు నిలబడాలి. వకీలు ఇంటికి పోతే గడప బయట ఉండాలి. అది ఎవరి ఇల్లూ కాదు. అద్దెకున్నవాడికి కులం తెలియదు, అద్దెకిచ్చినవాడు అక్కడికి రాడు. అందుకని అందరూ కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేసి నేను ఆ మాత్రం ఆలోచించలేదు.

అద్దెకిచ్చినవాడు రాడన్నది పూర్తిగా నిజం కాదు. ఆ ఇంటి గోడలో ఇలవేలుపు గూడు ఉంది. ఇల్లు ఎవరికి ఇచ్చినా ఆ గూటిలో సందెదీపం మాత్రం తమ ఇంటి ఆడమనిషే పెట్టాలని వాళ్ళ కట్టుబాటు. రోజూ వెళ్ళి దీపం పెట్టే పని చిన్న కోడలిది. ఆమె పేరు రుక్మిణి, మదురై పిల్ల. కృష్ణవేణమ్మకి స్వయానా అత్తగారు. ఆమెను కృష్ణవేణమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. ఈ కథంతా తను కాపురానికి వచ్చిన కొత్తలో వంటింటి పెద్దవాళ్ళ దగ్గర విన్నదే.

దీపం పెట్టిన మనిషి నిలబడి ఉంటే తామెలా కూర్చుంటామని డాక్టరమ్మ పట్టుబట్టి రుక్మిణికి కుర్చీ వేయించింది. మొదట అంచున కూర్చుంది. తరువాత సరిగ్గా కూర్చుంది. తరువాత మాట్లాడింది, నవ్వింది, కాఫీ చాలనివాళ్ళకి ఇంకొంచెం పోయించింది. చూస్తూ చూస్తూ ఆ వరండాకి ఇంటావిడ అయిపోయింది.

ఒక సాయంత్రం మద్రాసు నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చాడని ఆమె మామగారు, ఇంటి యజమాని, మెట్లెక్కి వచ్చాడు. అందరూ లేచారు. రుక్మిణి లేవలేదు. ఇంటికొచ్చినవాళ్ళని పిలిచే అలవాటు కొద్దీ కూర్చున్నచోటి నుంచే, "కూర్చోండి మామా" అంది.

ఇది చదివే మగవాళ్ళకి ఇందులో ఏముందని అనిపించవచ్చు. మా అమ్మ మా తాతయ్య ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆయన పోయాక ఆయన కుర్చీని తుడిచింది గాని దానిలో కూర్చోలేదు. 

ఆ మామగారు ఏమీ అనలేదు. కూర్చున్నాడు, కాఫీ తాగాడు, వెళ్ళిపోయాడు. ఆ తరువాత కొద్దిరోజులకి తమ్ముడి పెళ్ళని మదురై నుంచి పుట్టింటివాళ్ళు వచ్చి రుక్మిణిని తీసుకువెళ్ళారు. పసివాడైన ఆమె కొడుకుని అత్తగారు పంపలేదు, పిల్లవాడు ఇక్కడుంటే తొందరగా వస్తావని. రుక్మిణి మళ్ళీ రాలేదు. ఆమె వెళ్ళిన మర్నాటి నుంచి దీపం పెట్టే అత్తగారికి తోడుగా మామగారే వెళ్ళేవాడు. ఆయన మెట్లెక్కుతుంటే ఒక్కొక్కరే లేచి నిలబడేవారు. కొన్నాళ్ళకి రావడమే మానేశారు. దొర కూడా ఊరు మారాడు. యజమాని రోజూ వచ్చే ఇల్లు మళ్ళీ యజమాని ఇల్లే అయిపోయింది.

కృష్ణవేణమ్మ అడిగినది

నేను ఇల్లు చూశాను, కథ విన్నాను, ఇక తిరుగు ప్రయాణం అనుకుంటుండగా ఆ సాయంత్రం కృష్ణవేణమ్మ నన్ను కూర్చోబెట్టింది. నిత్య పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు పెద్దలకు పెట్టాలి. అది మనకీ ఉంది, కాకపోతే వాళ్ళు మరింత నిష్ఠగా చేస్తారు. ఆ ఇంటి మనుషులుగానే చనిపోయిన ఆడవాళ్ళందరినీ ఒక్కొక్క పేరే పిలిచి ఒక్కొక్క కొత్త చీర పెడతారు. ఇల్లు వదిలిపోయినవాళ్ళని పిలవరు. రుక్మిణి పేరు ఏనాడూ పిలవలేదు. ఆమె కొడుకు, అంటే కృష్ణవేణమ్మ భర్త, బతికినన్నాళ్ళూ ఇంట్లో మదురై మాట ఎత్తనివ్వలేదు. తల్లి తనని వదిలేసి పోయిందనే నమ్మకంతోనే ఆయన పోయాడు.

"పుట్టింటివాళ్లు పిలుచుకొని పోయిరి, వాళ్లుదా తెచ్చి దిగబెట్టాల. దిగబెట్టలేదు. కాబట్టి ఆమె రానన్నారని మావాళ్లు అనుకొనిరి" అంది కృష్ణవేణమ్మ. వాళ్ళే అనడానికి అక్కడ వాళ్లుదా అంటారు. "నాకు అది నమ్మబుద్ధి కాదు. తానుగా పోయినారా, మావాళ్లు పంపించినారా? మావాళ్లే పంపించి ఉంటే ఆ తప్పు మాది, నేను చీర పెడతాను. పిల్ల పెండ్లికి ముందర నాకు తెలియాల."

తమవాళ్ళెవరైనా వెళ్ళి అడిగితే పంచాయితీ అవుతుందట. నేనైతే పరాయిదాన్ని, ఏం అడిగినా తెలియక అడిగిందనుకుంటారు. మదురై వాళ్ళది తూర్పు మాసి వీధిలో పాత్రల అంగడి అని మాత్రం తెలుసు. కారిచ్చి పంపుతానంది. బస్సులో అయితే మనుషులు దొరుకుతారని వద్దన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కారు పంపమన్నాను.

పళని బస్సు

మనుషులు దొరికారు. పళని దగ్గర బస్సంతా గుండ్లే ఎక్కాయి, గంధం పూసిన గుండ్లు. నా పక్కన కూర్చున్నావిడది తేని అనే ఊళ్ళో ఏలకుల వ్యాపారం చేసే కుటుంబం. గుండుకి కొంగు కప్పుకుని, నా ఫోను మాటలు విని, "మీరు మనవాళ్లా?" అంది. పెళ్ళయిందా, పిల్లలెంతమంది, ఆయన లేకుండా ఒంటరిగా ఎందుకు తిరుగుతున్నానని వరసగా అడిగి, జవాబులన్నీ విన్నాక ఓదార్పుగా ఒక గుప్పెడు ఏలకులు నా చేతిలో పోసింది. మా ఊళ్ళో అన్ని ఏలకులు బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

నేను వెళ్ళే పని చెప్పాను. మంచిచెడ్డల మీద ఆవిడ ఏమీ అనలేదు గాని, పోయిన ఆడమనిషి గురించి అడగడానికి ఉత్తచేతులతో పోతున్నందుకు గట్టిగా కోప్పడింది. మదురైలో దిగాక దగ్గరుండి పూలు, పండ్లు, తమలపాకులు కొనిపించి గాని నన్ను వదలలేదు. మల్లెపూలు మూర ధర వింటే గుండె ఆగింది. సంచి తెరిస్తే ఆవిడ ప్రసాదమని ఇచ్చిన పళని పంచామృతం డబ్బా కారి నా కళ్ళజోడు పెట్టె నిండా అరటిపండు, బెల్లం. ఆ రాత్రి లాడ్జిలో చీమలతో పాటు పడుకున్నాను.

తూర్పు మాసి వీధి

అంగడి వెతకడం కష్టం కాలేదు. కప్పుదాకా, వాళ్ళు ఎవర్సిల్వర్ అనే స్టీలు బిందెలు, వాటి మధ్య రుక్మిణి మేనల్లుడు సౌందరరాజులు నాయుడుగారు. ఆయనా ఎనభైల్లోనే ఉన్నారు. తెలుగు వినగానే ముఖం వికసించింది. నన్ను కూర్చోమని, ఏం కావాలని అడగకుండానే ఎదురుగా ఉన్న బండి నుంచి పరుత్తిపాలు తెప్పించారు. పత్తిగింజలు నానబెట్టి, పాలు తీసి, బెల్లం, శొంఠి వేసి కాచినది. పత్తిగింజలు మా వైపు గేదెలకు పెడతాం. కానీ గ్లాసు ఖాళీ చేసి, సిగ్గు విడిచి ఇంకొకటి తాగాను.

అంగడి ముందు అరుగు మీద ఆరేడు కుర్చీలు వేసి ఉన్నాయి. కొనేవాళ్ళ కోసమా అంటే కాదన్నారు. మేనత్త ఉన్నప్పటి నుంచి అలవాటట. సాయంత్రం ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఏ వీధివాళ్ళయినా, ఏ పార్టీవాళ్ళయినా. పేపరు పైకి చదివేవారు, కాఫీ ఇచ్చేవారు. ఆమె మధ్యలో కూర్చునేది. కోయంబత్తూరులో నాకు కనిపించని కుర్చీలు ఇక్కడ కనిపించాయి.

అప్పుడు నేను ఎక్కడి నుంచి వచ్చానో చెప్పాను. ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టి, "వాళ్లు పంపించినారా మిమ్మల్ని?" అన్నారు. అవునన్నాను.  కృష్ణవేణమ్మ అడిగిన ప్రశ్నను ఆవిడ మాటల్లోనే అడిగాను.

"ఆయమ్మ పోలేదు, వాళ్లు పంపలేదు" అన్నారు. "మా చిన్నాయన పెండ్లికి వచ్చిరి. పెండ్లికి వచ్చిన ఆడబిడ్డను అత్తింటివాళ్లు వచ్చి పిలుచుకొని పోవాల. మాలో అదిదా మర్యాద. పిలవకుండా మేమే కొండుపోయి విడిస్తే, మా బిడ్డ మాకు బరువైనాది అని అర్థం. వాళ్లు వస్తారని కాచుకొని ఉంటిమి. పెట్టె కట్టిపెట్టుకొని ఆయమ్మ ఉండిరి."

కోయంబత్తూరువాళ్ళు దిగబెడతారని చూశారు. మదురైవాళ్ళు పిలుచుకుపోతారని చూశారు. ఎవరి మర్యాద వాళ్ళు కాపాడుకున్నారు. ఆ మామగారికి కోడలి మీద కోపం ఉండే ఉంటుంది, కాని రావద్దని ఒక్క మాట ఎవరూ అనలేదు. భర్త మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నాకు ముందు నవ్వొచ్చింది, తరువాత ఒళ్ళు మండింది, తరువాత ఏడుపొచ్చింది. రెండు ఊళ్ళ మధ్య దూరం ఒక పూట ప్రయాణం.

ఏటా తైపూసం తిరునాళ్ళకి కోయంబత్తూరు జనం పళని వస్తారని ఆమె కూడా వెళ్ళేదట. ఒకసారి కొడుకు తాతతో కొండ దిగుతూ కనిపించాడు. ఆమె పలకరించలేదు. ఎందుకు పలకలేదని ఇంట్లో అడిగితే, వాళ్ళు పిలవందే ఎలా పలికేదన్నదట. ఆ మొండితనం తలుచుకుంటే ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది.

మరి మీరు పెద్దలకు పెట్టేటప్పుడు ఆమె పేరు పిలుస్తారా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. పెళ్ళైన ఆడబిడ్డకి పుట్టింట్లో పెట్టరు. ఆమె అత్తింటి మనిషి, అక్కడే పెట్టాలి. పోయినప్పటి నుంచి ఆమెకి ఏ ఇంట్లోనూ ఎవరూ ఒక్క చీర పెట్టలేదు.

గడప దగ్గర

అరుగు మీద నుంచే కృష్ణవేణమ్మకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.  అంతా విన్నాక ఆవిడ, సరి, అని పెట్టేసింది. నేను ఏదో తప్పుగా చెప్పానేమోనని భయపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం నాయుడుగారింట్లో భోజనానికి కూర్చోబోతుంటే వీధిలో కారు ఆగింది. ముందు నిత్య దిగింది, తరువాత కృష్ణవేణమ్మ. అంత దూరం కూర్చుని వచ్చిన కాళ్ళు వెంటనే సాగలేదు. నిత్య చేతిలో పళ్ళెం, దానిలో పసుపు, కుంకుమ, పూలు, కొత్త పట్టుచీర. నాయుడుగారు కంగారుగా లేచి లోపలికి రమ్మన్నారు. వస్తాను, ముందు వచ్చిన పని కానియ్యండి, అందావిడ. గడపకి బయటే నిలబడి కొంగు భుజం చుట్టూ కప్పుకుని లోపలి చీకట్లోకి చూస్తూ మామూలు గొంతుతో పిలిచింది.

"అత్తా, నేను మీ కోడలు. తడవు అయిపోయినాది, మనసులో పెట్టుకోవద్దు. పిలుచుకొని పోను వచ్చినాను. ఇంటికి పోదాం రాండి."

వంటింట్లో ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నాయుడుగారు తలుపు పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏమీ లేదు. కాసేపటికి అందరం లోపలికి వెళ్ళి భోజనం చేశాం. పప్పు బాగుందని కృష్ణవేణమ్మ రెండోసారి వడ్డించుకుంది.

బయలుదేరేటప్పుడు నేను సంచి సర్దుకుని కారు దగ్గర నిలబడ్డాను. డ్రైవరు పక్కన నిత్య కూర్చుంది. వెనక కిటికీ దగ్గర కృష్ణవేణమ్మ. తన పక్కన చీర ఉన్న పళ్ళెం పెట్టుకుంది. ఇంకొక మనిషికి చోటుంది, అది నాదే అనుకున్నాను. ఇంతలో నాయుడుగారు ఉతికిన పంచె కట్టుకుని, అంగడి కొడుక్కి అప్పగించి, చెప్పులు వేసుకుని వచ్చి అటువైపు తలుపు తీశారు.

"మేము దిగబెట్టాల కదమ్మా" అన్నారు.

కృష్ణవేణమ్మ జరిగి కూర్చుంది. ఇద్దరి మధ్య పళ్ళెం. నేను బస్టాండుకి ఆటో మాట్లాడుకున్నాను.